అమ్మ ఓటు ఎవరి చేత్తో?

సూర్యాపేట జిల్లా నుంచి ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. సారాంశం ఇది. వాళ్ల అమ్మగారికి 87 ఏళ్లు. గ్లకోమాతో చూపు దాదాపు పోయింది, మనిషి నీడ మాత్రం తెలుస్తుంది. నాన్నగారికి 84. నాలుగేళ్ల కిందట పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు స్వాధీనం తప్పాయి. మాట ముద్దగా వస్తుంది గానీ పేపరు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివే అలవాటు తప్పలేదు. తమ్ముడు ఊళ్లో ఒక పార్టీకి బూత్ ఏజెంటు.

2023 నవంబరులో అసెంబ్లీ ఎన్నికలకు పోలింగ్ బృందం ఇంటికే వచ్చింది. తమ్ముడు ఇద్దరి బ్యాలెట్లూ తీసుకుని మంచం పక్కన కూర్చుని తనే టిక్కులు పెట్టేశాడు. నాన్నగారు ఎడమ చేత్తో ఏదో చూపించబోతే "నాన్నకు తెలీదులే" అన్నాడు. వచ్చినవాళ్లు ఇంకా చాలా ఇళ్లు తిరగాలంటూ త్వరపెట్టారు. ఆ రాత్రి అమ్మగారు "నేను చెప్పిన గుర్తుకే వేశావారా?" అని అడిగితే నవ్వి ఊరుకున్నాడు. ఆర్నెల్లకు లోక్‌సభ ఎన్నికలొస్తే బీఎల్వో (ఓటరు జాబితా చూసే బూత్ స్థాయి అధికారి) ఈసారి వయసు చాలదన్నారు. ఇద్దరూ ఓటు వెయ్యలేదు.

పాఠకురాలి ప్రశ్నలు: అప్పుడు జరిగింది సరైనదేనా? వచ్చే ఎన్నికల్లో ఎవరు సాయం చెయ్యాలి? తన ఓటు అత్తగారి ఊళ్లో ఉంది, తను అమ్మకు తోడు కూర్చోవచ్చా? మళ్లీ ఇంటి ఓటు పెట్టించుకోవాలా, వీల్‌చైర్ మీద బూత్‌కు తీసుకెళ్లాలా? "వాడితో గొడవెందుకే, నా ఒక్క ఓటు లేకపోతే ఏం మునిగింది" అంటున్న అమ్మకు ఏం చెప్పాలి?

అమ్మా,

ముందు నాన్నగారి సంగతి చూద్దాం. మీ ఉత్తరంలో అమ్మ గురించి మూడు పేజీలుంటే ఆయన గురించి పది వాక్యాలే ఉన్నాయి. నాకు మాత్రం ఎక్కువ అన్యాయం ఆయనకే జరిగిందనిపిస్తోంది. ఆయనకు చూపుంది, చదువుంది, పనిచేసే ఎడమ చెయ్యి ఉంది. చూపు లేకపోవడం వల్లో శరీర వైకల్యం వల్లో తన ఓటు తాను వేసుకోలేని మనిషికే నియమం తోడును ఇస్తుంది. ఓటుకు మాట అక్కర్లేదు, కుడి చెయ్యే కావాలనీ ఎక్కడా లేదు. ఎడమ చేత్తో వంకర టిక్కు పెట్టినా అది ఓటే. కాబట్టి నాన్నగారికి అసలు తోడే అవసరం లేదు. ఆ రోజు ఆయన చేతిలో ఉండాల్సిన పెన్ను తమ్ముడి చేతిలో ఉండటం ఒక్కటే పొరపాటు కాదు, రెండు పొరపాట్లు. రెండోది అమ్మ విషయంలో ఉంది.

అమ్మగారికి గుర్తులు కనిపించవు కాబట్టి తోడు తెచ్చుకునే హక్కుంది. పోలింగ్ బూత్‌లో తోడుకు ఏ షరతులున్నాయో ఇంటి ఓటుకూ అవే. తోడు వచ్చే మనిషికి 18 ఏళ్లు నిండాలి. ఓటరు తానే ఎంచుకోవాలి. ఒక మనిషి ఆ రోజు ఒక్క ఓటరుకే తోడు ఉండాలి. ఓటు రహస్యం బయటపెట్టననీ, ఇవాళ ఇంకెవరికీ తోడుగా వెళ్లలేదనీ డిక్లరేషన్ మీద సంతకం పెట్టాలి. మీ తమ్ముడు ఇద్దరికీ తానే వేశాడంటే ఆ ఒక్క షరతు మీదే రెండో ఓటు తప్పు. "ఇంటికి కొడుకుని, నేను వెయ్యకూడదా" అని ఆయన అంటే సమాధానం సులువే: ఒకరి బదులు ఒకరు ఓటేసే ప్రాక్సీ పద్ధతి మన దేశంలో సైన్యం వంటి కొన్ని సర్వీసుల ఓటర్లకే ఉంది. ఆస్తి కాగితాల మీద సంతకం పెట్టే అధికారం కొడుకుకు రాసిచ్చినా ఓటు అందులోకి రాదు.

తోడుది ఈ ఊరి ఓటే అయ్యుండాలన్న మాట ఆ నియమంలో లేదు. అమ్మ మిమ్మల్ని కోరుకుంటే మీరు కూర్చోవచ్చు. ఇంకో సంగతి, మీకు నచ్చకపోవచ్చు: అమ్మ తమ్ముణ్ణే కోరుకుంటే ఆయనా కూర్చోవచ్చు. పార్టీ మనిషి అయినంత మాత్రాన అనర్హుడని నియమం చెప్పదు. ఎంచుకోవాల్సింది అమ్మ. మీరూ కాదు, ఆయనా కాదు. తమ్ముడు లేని పూట ఆమెను విడిగా అడగండి. "వాడే ఉండనీ" అంటే మీరు కాదనలేరు.

ఇక వయసు లెక్క. బీఎల్వో మిమ్మల్ని మోసం చెయ్యలేదు. 2019లో ఇంటి ఓటు తెచ్చినప్పుడు వయసు 80 అన్నారు. 2023 నవంబరుకు మీ ఇద్దరు పెద్దలూ ఆ గీత దాటారు. 2024 మార్చి 1న నియమం సవరించి దాన్ని 85 చేశారు. అందుకే నవంబరులో ఇంటికొచ్చిన బ్యాలెట్ మే నెలలో రాలేదు. అమ్మగారు ఇప్పుడు ఆ గీత దాటారు. నాన్నగారు 2028 చివర్లో జరగాల్సిన అసెంబ్లీ ఎన్నికలకు దాటతారు. ఆయనకు 85 నిండేలోగా మీ నియోజకవర్గానికి ఉప ఎన్నికేదైనా వస్తే మాత్రం ఆయనకు వయసు దారి లేదు, వైకల్యం దారి ఉంది. 40 శాతానికి తగ్గని వైకల్యం ఉందని సదరం సర్టిఫికెట్టో యూడీఐడీ కార్డో ఉంటే, ఇంటి ఓటు కావాలని కోరే 12డి ఫారానికి ఆ నకలు జతచేస్తే చాలు. లేకపోతే ఇప్పుడే స్లాట్ తీసుకుని చేయించండి. ఎన్నికల నోటిఫికేషన్ వచ్చాక వైకల్య నిర్ధారణ శిబిరానికి పరుగెత్తితే అందదు. ఫారం 8 పెట్టి ఓటరు జాబితాలో ఆయన పేరు దగ్గర దివ్యాంగుడని నమోదు చేయిస్తే బీఎల్వో దగ్గరుండే జాబితాలోకి పేరు దానంతటదే వస్తుంది. జాబితాలో పడిన వయసు కూడా ఓసారి చూసుకోండి. మన పల్లెల్లో 87 ఏళ్లావిడ జాబితాలో 79 ఉండటం వింత కాదు, బీఎల్వో చూసేది ఆ అంకెనే. దాన్నీ ఫారం 8తోనే సరిచేస్తారు.

12డి గడువు దగ్గర చాలామంది దెబ్బ తింటారు. టీవీలో షెడ్యూలు ప్రకటించిన రోజు నుంచి లెక్కేస్తారు, లేదా పోలింగ్‌కు ఇంకా నెలుందని ఊరుకుంటారు. లెక్క మొదలయ్యేది గెజెట్ నోటిఫికేషన్ రోజు నుంచి. అక్కడి నుంచి 5 రోజుల్లో ఫారం రిటర్నింగ్ అధికారికి చేరాలి. 2023లో తెలంగాణకు షెడ్యూలు అక్టోబరు 9న వచ్చింది, నోటిఫికేషన్ నవంబరు 3న, పోలింగ్ 30న. అంటే నవంబరు రెండో వారం వచ్చేసరికి 12డి తలుపు మూసేశారు. ఫారం బీఎల్వోనే ఇంటికి తెచ్చి ఇవ్వాలి, ముట్టినట్టు సంతకం తీసుకోవాలి, నింపింది మళ్లీ వచ్చి తీసుకెళ్లాలి. బీఎల్వో రాకపోతే మీరే అడగండి. పెద్దలిద్దరికీ విడివిడిగా ఫారాలు, ప్రతి ఎన్నికకూ కొత్త ఫారం. పోయినసారి ఇచ్చాం కదా అంటే కుదరదు. ఇదంతా ఎన్నికల సంఘం జరిపే లోక్‌సభ, శాసనసభ ఎన్నికల సంగతి. పంచాయతీ ఎన్నికలు జరిపేది రాష్ట్ర ఎన్నికల సంఘం, ఆ నియమాలు వేరు.

ఇంటి ఓటా, బూతా? ఇక్కడ తొందరపడొద్దు, ఎందుకంటే ఒకసారి 12డి ఒప్పుకుని పోస్టల్ బ్యాలెట్ ఇచ్చాక ఓటరు జాబితాలో ఆ పేరు పక్కన గుర్తు వేస్తారు. ఇక పోలింగ్ రోజున బూత్‌లో ఓటు ఉండదు. బృందం వచ్చినప్పుడు మనిషి ఆసుపత్రిలో ఉంటే ఇంకోసారి వస్తారు. అప్పుడూ లేకపోతే ఆ ఎన్నికకు ఓటు పోయినట్టే.

నాన్నగారికి నేనైతే బూతే మొదట ఆలోచిస్తాను. ఈవీఎం మీద ఎడమ చేత్తో ఒక్క బటన్ నొక్కితే చాలు, పక్కన వీవీప్యాట్ అద్దంలో 7 సెకన్లు స్లిప్ కనిపిస్తుంది. తన ఓటు తాను కోరిన గుర్తుకే పడిందని కళ్లారా చూసుకుంటారు. 2023లో ఆయనకు దక్కనిది అదే. ఓటింగ్ కంపార్ట్‌మెంట్‌లోకి తమ్ముడు రాలేడు, ఏజెంటుగా తన కుర్చీలో కూర్చోవాలి. వీల్‌చైర్, ర్యాంపు ఉండాలి, పెద్దలను, దివ్యాంగులను వరసలో ముందు పంపాలి. ఎన్నికల సంఘం యాప్‌లో గానీ 1950కి ఫోన్ చేసి గానీ వీల్‌చైర్, వాహనం అడగొచ్చు. ఇబ్బంది ఏమిటంటే లోక్‌సభ పోలింగ్ ఎండాకాలం పడుతుంది, ఆయన ఒంటికి అది పడుతుందా అన్నది మీకే తెలుసు. పొద్దున 7 గంటలకే వెళ్లేలా చూసుకోగలిగితే సరి.

అమ్మగారికి రెండు దారులూ ఉన్నాయి. బూత్‌లో తోడు కంపార్ట్‌మెంట్ దాకా వెళ్లి ఆమె చెప్పిన బటన్ నొక్కవచ్చు. బ్యాలెట్ యూనిట్ మీద అభ్యర్థుల వరస అంకెలు బ్రెయిలీలో కూడా ఉంటాయి. బ్రెయిలీ రానివాళ్లు కూడా పైనుంచి బటన్లు తడుముతూ లెక్కపెట్టి ఓటేస్తారు. అభ్యర్థి వరసలో ఎన్నోవారో ముందే తెలిస్తే అమ్మగారు తోడు లేకుండానే వెయ్యగలరేమో అడిగి చూడండి. ఒప్పుకుంటే ఆ రోజు ఇంట్లో ఎవరితోనూ పేచీ ఉండదు. మనసు బూత్ మీద లేకపోతే, మెట్లు దిగలేకపోతే, ఇంటి ఓటు పెట్టించండి. ఒకరు ఇంట్లో, ఒకరు బూత్‌లో వేసినా తప్పు లేదు.

ఇంటి ఓటే అనుకుంటే ఆ పది నిమిషాలు ఎలా జరగాలో చెబుతాను, 2023లో అదే గల్లంతయింది కనుక.

బృందంలో ఇద్దరు పోలింగ్ అధికారులు, వీడియో తీసే మనిషి, పోలీసు ఉంటారు. ఏ రోజు వస్తారో ముందే తెలియజేస్తారు. అభ్యర్థులకూ ఆ తేదీలు తెలుపుతారు, వాళ్ల తరఫు మనిషి వచ్చి చూడొచ్చు. మీ తమ్ముడు ఆ హోదాలో వచ్చి గుమ్మం దగ్గర నిలబడితే అభ్యంతరం లేదు. అమ్మే తోడుగా పిలిస్తే తప్ప, బ్యాలెట్ మీద టిక్కు పడేచోట మాత్రం ఆయన ఉండకూడదు. ఇది బృందానికి మీరు ముందే, మర్యాదగా, గట్టిగా చెప్పండి.

మొదట గుర్తింపు కార్డు చూసి రిజిస్టర్‌లో సంతకమో వేలిముద్రో తీసుకుంటారు. అప్పుడు, కెమెరా నడుస్తుండగా, "అమ్మా, నీకు తోడు ఎవరు కావాలి?" అని అధికారే ఆమెను అడగాలి. అడగకపోతే మీరు అడిగించండి. ఆమె నోటితో ఆమె చెప్పిన పేరు వీడియోలో పడితే తర్వాత ఎవరూ ఏమీ అనలేరు. ఆ పేరు మనిషి డిక్లరేషన్ మీద సంతకం పెట్టాక మిగతావాళ్లు గదిలోంచి లేదా ఆ మూల నుంచి తప్పుకోవాలి. టిక్కు పడేటప్పుడు కెమెరా కూడా బ్యాలెట్ వైపు తిరగకూడదు.

చేతికి వచ్చేవి: బ్యాలెట్ పత్రం, 13ఏ డిక్లరేషన్ (ఇది తోడుది కాదు, ఓటరు ఇచ్చేది), చిన్న కవరు ఏ, పెద్ద కవరు బి. తోడు మనిషి పత్రం మీది పేర్లు, గుర్తులు పైనుంచి కింది దాకా, చివర్న ఉన్న నోటాతో సహా, అమ్మకు మెల్లగా వినిపించాలి. "మనం అనుకున్నవాళ్లకే కదా?" అని అడగడం చదివినట్టు కాదు. ఆమె చెప్పిన పేరు ఎదురుగా గడి మధ్యలో టిక్కు గానీ ఇంటూ గానీ పెట్టాలి. పత్రం మడిచి కవరు ఏలో పెట్టి అంటించాలి. ఆ కవరు మీద బ్యాలెట్ వరస నెంబరు ఉంటుంది, 13ఏ మీద రాసిన నెంబరూ అదే కావాలి. 13ఏ మీద అమ్మగారి వేలిముద్ర, దాని కింద అధికారి అటెస్టేషన్. కవరు ఏ, 13ఏ రెండూ పక్కపక్కన కవరు బిలో పెట్టి అంటించి బృందం తెచ్చిన పెట్టెలో వెయ్యాలి.

ఈ కవర్లు, 13ఏ దగ్గర తప్పు జరిగితే ఓటు చెల్లకపోవచ్చు. ఎందుకో తెలిస్తే గుర్తుంటుంది. లెక్కింపు రోజున మొదట పెద్ద కవరు తెరిచి 13ఏ చూస్తారు. అది కనబడకపోయినా, సంతకమో అటెస్టేషనో లేకపోయినా, నెంబరు కవరు ఏ మీది దానితో కలవకపోయినా చిన్న కవరు తెరవనే తెరవరు, పక్కన పెట్టేస్తారు. 13ఏను పొరపాటున బ్యాలెట్‌తో పాటు చిన్న కవరులో కుక్కేస్తే అదే గతి. అందుకని అధికారి సంతకంతో పాటు పేరు, హోదా, ముద్ర పడ్డాయో లేదో మీ కళ్లతో చూడండి. 2024లో ఆంధ్రప్రదేశ్‌లో సంతకం ఉండి ముద్ర లేని 13ఏలు చెల్లుతాయా లేదా అన్న పేచీ కౌంటింగ్‌కు ముందు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. మీ అమ్మగారి ఓటు అలాంటి వాదనలో చిక్కుకోనక్కర్లేదు.

బ్యాలెట్ పత్రం మీద సంతకం, వేలిముద్ర, పేరు ఏదీ పడకూడదు. ఓటు ఎవరిదో తెలిసే గుర్తు ఉందంటే కొట్టేస్తారు. వేలిముద్ర వేయించిన ఇంకు అమ్మ వేలి మీద ఉండగానే ఆ పత్రం పట్టుకోనివ్వకండి, తుడవండి. ఇద్దరు అభ్యర్థుల మధ్య గీత మీద టిక్కు పడితే, రెండు పేర్లకు పడితే చెల్లదు. ఒకే పేరు ఎదుట రెండుసార్లు పడినా, మసకగా పడినా ఓటు ఎవరికో తెలుస్తుంటే చెల్లుతుంది. నాన్నగారు ఇంటి ఓటే కోరుకుంటే ఈ మాట ఆయనకు ధైర్యం. ఆయనకు క్లిప్పున్న పరీక్ష అట్ట ఇచ్చి, పత్రం జారకుండా బిగించి, తెల్లకాగితం మీద గడులు గీసి నాలుగు రోజులు ఎడమ చేత్తో సాధన చేయించండి. పత్రం పాడయిందనిపిస్తే కవరు అంటించకముందే చెప్పి తిరిగి ఇవ్వండి. తెలియక పాడుచేసిన పత్రానికి బదులు ఇంకొకటి ఇచ్చే వీలు నియమాల్లో ఉంది.

ముందురోజు చెయ్యాల్సింది ఒకటుంది. నామినేషన్ల ఉపసంహరణ ముగిశాక పోటీలో మిగిలినవాళ్ల జాబితా గుర్తులతో వస్తుంది. బ్యాలెట్ మీద వరస అదే: గుర్తింపు పొందిన పార్టీలు ముందు, తర్వాత రిజిస్టరైన మిగతా పార్టీలు, చివర స్వతంత్రులు. అది అమ్మకు రెండుమూడుసార్లు చదివి వినిపించండి. ఆ రోజు బృందం గడియారం చూసుకుంటున్నా ఆమె తడబడరు.

బృందమే మళ్లీ "ఎవరో ఒకరు వేసెయ్యండి" అంటే? అక్కడే గొంతు పెంచకుండా "డిక్లరేషన్ ఇవ్వండి, పేరు అమ్మ చెబుతుంది" అనండి. వినకపోతే 1950కి గానీ రిటర్నింగ్ అధికారి ఆఫీసుకు గానీ అక్కడినుంచే ఫోన్ చెయ్యండి. ఎన్నికల సమయంలో ఎన్నికల సంఘానికి ఫిర్యాదు పంపే సి-విజిల్ కూడా పనిచేస్తుంది. కానీ మీ ఫోన్‌తో బ్యాలెట్ ఫొటో మాత్రం తియ్యకండి, తప్పు మీ వైపుకు తిరుగుతుంది.

2023 సంగతికొస్తే, ఆ ఓటు వెనక్కి రాదు. ఫలితం మీద పిటిషన్ వెయ్యాలన్నా 45 రోజుల్లో వెయ్యాలి, ఆ గడువు ఎప్పుడో దాటింది. ఓటరు మీద ఒత్తిడి తేవడం నేరమే, అప్పట్లో ఐపీసీ 171ఎఫ్ సెక్షన్ కింద, ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 174వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు. ఆ మాట తమ్ముడికి బెదిరింపుగా కాకుండా సమాచారంగా ఒక్కసారి చెప్పండి చాలు. కేసు పెట్టాలా వద్దా అన్నది అమ్మానాన్నలు తేల్చుకోవాల్సింది. నా ఉద్దేశంలో తమ్ముడికి ఎన్నికల రోజున కాక ఇప్పుడే, నోటిఫికేషన్ ఊసే లేనప్పుడు చెబితే బాగా ఎక్కుతుంది. "నాన్న తనే వేసుకుంటాడు, అమ్మ ఎవరిని పిలిస్తే వాళ్లు కూర్చుంటారు" అనండి. ఆయన కోపం చేసుకోవచ్చు. బూత్ ఏజెంటు కాబట్టి ఈ నియమాలు ఆయనకు మీకంటే బాగా తెలుసు, అందుకే ఎక్కువసేపు వాదించలేడు.

అమ్మగారు "నా ఓటు లేకపోతే ఏం మునిగింది" అన్నారు. అదే అమ్మగారు ఆ రాత్రి నేను చెప్పిన గుర్తుకే వేశావా అని అడిగారు కూడా. ఏ మాట నిజమో ఆమెనే చెప్పనివ్వండి. నిజంగానే వద్దంటే 12డి ఇవ్వకండి. అది ఆమె ఇష్టానికి వదిలిన ఫారం.

ఆఖరుగా, మీరు అడగని మాట. అమ్మ మిమ్మల్నే తోడుగా ఎంచుకుంటే, బృందం వెళ్లిపోయాక తమ్ముడు తప్పకుండా అడుగుతాడు: "అమ్మ ఎవరికి వేసింది?" మీ ఆయన కూడా అడగొచ్చు. మీరు సంతకం పెట్టిన డిక్లరేషన్‌లో ఇంటివాళ్లకు మినహాయింపు లేదు. ఎవరికీ చెప్పకండి.